గర్విష్ఠి ముసలాయన కోసం ప్రార్థన

యాడికి
జూన్ నెల, బేస్తవారం

చెల్లెలు సారమ్మకు అన్న నల్లప్ప రాయడం ఏమనగా,

పైన వందనాలు రాయడం మరిచిపోయినాడు అనుకోవద్దు. కావాలనే రాయలేదు. కోపం తగ్గినాక రాస్తా.

మేకల వ్యాపారం చేసే జిలాన్ తెలుసు గదా. ఆయప్ప మొన్న మీ కొత్తచెరువు సంతకు పోయి వచ్చినాడు. నిన్న యాడికి బజార్లో, టీ అంగడి ముందర, నా చెవిలో నోరు పెట్టి అరిచినాడు. "ఏమప్పా నల్లప్పా, నీకు కన్ను పోయిందంట గదా! కొత్తచెరువు చర్చిలో అందరూ మోకాళ్ల మీద కూచొని నీ కోసరం ప్రార్థన చేసినారంట!" చెవుడు నాకు గానీ ఊరికి లేదు. బజారంతా విన్నింది. టీ అంగడాయన రోజూ గ్లాసు బండ మీద టక్కున పెట్టే మనిషి. నిన్న నా చేయి పట్టుకొని, వేళ్లు ఒక్కొక్కటే గ్లాసు చుట్టూ చుట్టి, "జాగ్రత్తన్నా, వేడిగా ఉండాది" అన్న్యాడు. వినపడలేదు, మూతి చూసి ఊహించినా. ఆ టీ తాగకుండా వచ్చేసినా.

ఎడమ కంటికి పొర వచ్చింది నిజమే. కుడి కన్ను కొంచెం మసక. అది నాకూ నా కండ్లకూ మధ్య సంగతి. చెల్లెలివి గదా అని జాబులో రాసినా. నువ్వు చీటీ మీద రాసి, అయ్యగారి చేతికిచ్చి, మైకులో చదివించమని కాదు.

వచ్చే ఆదివారానికి నా పేరు తీసేయించు. అడుక్కునే వాళ్ల వరుసలో నన్ను నిలబెట్టొద్దు. నేను దేవునితో ఏమీ అడగను. ఆయన పని ఆయన చేసుకుంటాడు, నా పని నేను చేసుకుంటా. ఇన్నేండ్లు మా ఇద్దరికీ పేచీ లేకుండా జరిగింది. మధ్యలో నువ్వు దూరి చెడగొట్టొద్దు.

నీ అన్న
నల్లప్ప

అక్షరాలు పెద్దగా రాసింది కన్ను కనపడక కాదు. పెన్ను కొత్తది. లావుగా పడతాది.


కొత్తచెరువు
జూన్ నెల చివర

ప్రియమైన అన్నకు, ప్రభువు నామంలో సారా వందనాలు. నీవి రాలేదు కాబట్టి నీ వంతు కూడా నేనే రాస్తున్నాను. వందనాలు.

నీ జాబు అందింది. పెన్ను నిజంగా లావుదే. ఒక్కో అక్షరం గుమ్మడికాయంత ఉంది. మా హాస్టల్లో వంట చేసిన రోజుల్లో పిల్లలకు ఇలాంటి అక్షరాలే దిద్దించేదాన్ని.

మనవుల పెట్టె గురించి నీకు నేను చెప్పాలా? ఎవరి బాధ వాళ్లు చీటీ మీద రాసి వేస్తారు, ఆదివారం అయ్యగారు చదువుతారు, అందరం ప్రార్థిస్తాం. మీ యాడికి చర్చిలోనూ ఉంది ఆ పెట్టె. దానికి మేకులు కొట్టింది నువ్వే. కొట్టడమే తప్ప ఒక్క చీటీ వేసిన పాపాన పోలేదు.

అయినా అన్న మాట కాదనలేను. నీ పేరు తీసేయించాను. మొన్న ఆదివారం అయ్యగారు ఇలా చదివారు: "యాడికి దగ్గరున్న ఒక గర్విష్ఠి ముసలాయన కంటిచూపు కోసం." పేరు లేదు, ఊరు మాత్రమే. ఎవరో అందరికీ అర్థమైంది. పోయిన వారం కంటే ఈ వారం గట్టిగా ప్రార్థించారు. కష్టమైన కేసు అనుకున్నట్టున్నారు.

ఇంకొక మాట. మంగళవారం సాయంత్రం నువ్వు కంచె దగ్గర నిలబడి పక్క చేని రామప్పను తిట్టావట. "గట్టు జరిపేటోడా, నా కంచె మీద చెయ్యి ఎందుకు పెట్టినావురా, మోకాళ్లు నొప్పి అని కుంటుతావే, కంచె దాటేదానికి మాత్రం కాళ్లు వస్తాయా" అని. పాపం, అవతలి వైపు నుంచి ఒక్క జవాబూ రాలేదు. ఎలా వస్తుంది? అది ఆరేసిన చొక్కా. రామప్ప నీ వెనకాలే కట్టె మీద ఆనుకుని నిలబడి మొత్తం విన్నాడు.

నాకెవరు చెప్పారని అడుగుతావు. మోకరించిన వాళ్లకు కొన్ని తెలుస్తుంటాయి అన్నా.

అనంతపురంలో కంటి ఆస్పత్రి వాళ్లు క్యాంపు పెట్టి, బస్సు పంపించి మరీ తీసుకుపోతున్నారు. పొర తీసి, చిన్న అద్దం పెడతారు. పోరాదా?

నీ చెల్లెలు
సారా


యాడికి
జూలై నెల

సారమ్మకు,

చొక్కా సంగతి నీకెట్ల తెలిసింది?

నిజం చెప్పు. ఆ పొద్దు కంచె దగ్గర నేను, నా వెనక ఆ రామప్ప. రామప్పకు నీ ఊరు తెలియదు. మీ వదిన బయమ్మ ఉన్నింది గానీ, అది అరుగు మీద కూచొని ఫోను చెవికి పెట్టుకొని పాటలు వింటాండింది. పొద్దస్తమానం పాటలే దానికి. ఇంక మిగిలింది పైవాడు.

నాకు భయం లేదు. అయినా నిన్న బెల్లం డబ్బా మూత తీసి, ముక్క నోట్లో వేసుకోబోయి, ఎందుకో ఒకసారి పైకి చూసి మళ్లీ డబ్బాలో పెట్టేసినా. చక్కెర వ్యాధి సంగతి డాక్టరుకు చెప్పినా గానీ ఆయనకు చెప్పలేదు. నువ్వు చెప్పినావా ఏంది?

సరే, ఒక ఒప్పందానికి వస్తా. వాన కోసరం ప్రార్థన చేయించుకో, వద్దనను. శెనక్కాయ వేసినాము. మొలక వచ్చింది. మబ్బు కొండ దాకా వచ్చి, మమ్మల్ని చూసి, సిగ్గుపడి వెనక్కి పోతాంది. వాన ఊరందరికీ పడేది, దాంట్లో ఒక్క నల్లప్ప అడుక్కున్నట్ల కాదు. నా కండ్లు మాత్రం ముట్టుకోవద్దు.

క్యాంపు సంగతి. ఊరికే వచ్చేది నాకొద్దు. చేయి కింద పెట్టి తీసుకునేటోణ్ణి కాదు నేను. ఎవరి దగ్గరా తీసుకోలేదు గనకనే ఎవరికీ దండం పెట్టి బాగుపడినానప్పా అని చెప్పే పని పడలేదు. ఇంత వయసులో కొత్తగా ఆ మాట నేర్చుకోలేను. నాలిక తిరగదు.

ఇంకా, కంట్లో కత్తి పెడతారంట. అది నాకు భయమని కాదు.

నీ అన్న
నల్లప్ప

ఈ జాబు రాసేదానికి రెండు దినాలు పట్టింది. నీ జాబు చదివేదానికి మూడు. ఎండలో పట్టుకొని, భూతద్దం పెట్టి, ఒక్కో మాట ఏరుకుంటాండా. నువ్వు ఇంకొంచెం లావు పెన్ను కొను.


కొత్తచెరువు
ఆగస్టు

ప్రియమైన అన్నకు సారా వందనాలు.

లావు పెన్ను కొన్నాను, చూడు. ఇంతకంటే లావుగా రాయాలంటే గోడ మీద సున్నం కుంచెతో రాయాలి.

వాన పడిందటగా. మీ చేను తడిసి, రామప్ప చేను కూడా తడిసిందని నువ్వు మొహం మాడ్చుకున్నావట. వానకు గట్లు తెలియవు అన్నా.

ఇప్పుడు నేను చెప్పబోయేది కూర్చుని చదువు. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో అందరి ముందూ నిలబడి మొక్కుకున్నాను. మా అన్న కన్ను తెరుచుకుంటే, ఈ ఏడు కోత పండుగకు మా అన్నే కొత్తచెరువు వచ్చి, ఈ చర్చిలో నిలబడి, తన నోటితో తాను దేవునికి కృతజ్ఞత చెబుతాడని. అయ్యగారు మొదట నవ్వారు. తర్వాత అందరూ ఆమేన్ అన్నారు. కాబట్టి ఇక చేసేదేమీ లేదు.

అరవకు. బయమ్మ వదిన భయపడుతుంది.

రేపు నీ కుడి కన్ను కూడా మూసుకుంటే ఏమవుతుందో ఆలోచించావా? ఫోనులో మాట్లాడదామంటే నీకు చెవులు లేవు. మనకు మిగిలింది ఈ జాబులే. అవి కూడా చదవలేకపోతే నేను ఎవరికి రాయాలి? వదినకు అక్షరం రాదు. నీ కొడుకూ కోడలూ పొద్దున పోతే రాత్రికి గానీ రారు. మీ వీధిలో తీరికగా ఉండి, చదవడం వచ్చినవాడు ఒక్కడే. రామప్ప. నా జాబులన్నీ ఇక రామప్పకే పంపిస్తాను. ఆయన కట్టె పట్టుకుని కుంటుకుంటూ మీ అరుగు మీదికి వచ్చి, నీ చెవిలో నోరు పెట్టి, వీధంతా వినబడేలా చదువుతాడు. నేను నిన్ను తిట్టినవి రెండుసార్లు చదువుతాడు. నువ్వు చెప్పే జవాబు కూడా ఆయనే రాస్తాడు. నువ్వు చెప్పింది రాస్తాడో, తనకు తోచింది రాస్తాడో దేవునికే తెలియాలి.

ప్రార్థిస్తూ ఉన్నాను.

సారా


యాడికి

సారా,

నా నోరు నాది. దాన్ని నువ్వెట్ల తీసుకపోయి దేవుని దగ్గర కుదువ పెడతావు? నన్ను అడిగినావా? ఎద్దును అమ్మేటోడు కూడా దాని మూతి చూసి అమ్ముతాడు.

నేను రాను. చెప్పను. మొక్కు నీది, నువ్వే తీర్చుకో.

నల్లప్ప

ఆ బస్సు ఏ దినం వస్తాదో రాయి. ఊరికే అడిగినా. రామప్ప జాబులు పట్టుకొని నా అరుగు మీద కూచునేది తలచుకుంటే అన్నం దిగలేదు.


కొత్తచెరువు

అన్నా, సోమవారం పొద్దున. యాడికి ఆస్పత్రి ముందర ఆగుతుంది. తువ్వాలు తీసుకుపో. బెల్లం తినకుండా పో. ఆ ముందు రోజు నుంచి నేను మోకాళ్ల మీదే ఉంటాను.

సారా


యాడికి
సెప్టెంబరు

సారమ్మకు,

ఈ జాబు చిన్న అక్షరాలతో రాస్తాండా. చూసుకో. పెన్ను అదే.

కట్టు విప్పినారు. ఆ సంగతి చెప్తా విను. ఆస్పత్రిలో చక్రాల కుర్చీ తెచ్చినారు. నేను నడుచుకుంటానే పోయినా. నర్సు ఒక పిల్ల, ఆసియా అని, నా చెవి దగ్గరికి వచ్చి "భయమా తాతా?" అని అరిచింది. "నాకా?" అన్న్యా. "అయితే నా చేయి వదిలిపెట్టు తాతా, వేళ్లు నొప్పి పుడతాండాయి" అనింది. నేను పట్టుకోలేదు. దాని చేయే నా చేతిలోకి వచ్చి ఉంటాది. దీపం కింద పండుకోబెట్టినారు. ఆ బల్ల మీద ఇంకొకటి జరిగింది. అది నీకు చెప్పను.

కట్టు విప్పినాక మొదట డాక్టరు మొగం కనపడింది. చిన్నపిల్లోడు. మీసాలు ఇంకా సరిగ్గా రాలేదు. ముందే చూసి ఉంటే బల్ల దిగి వచ్చేసేవాణ్ణి. ఇంటికి వస్తే గోడ మీద మరకలు, నా చొక్కా మీద కూర మరకలు, కొండ మీద ఒక్కో రాయి, అన్నీ. బయమ్మ జుట్టు ఇంత నెరిసిందని నాకు ఎవరూ చెప్పలేదు. దానికి చెప్పినా. రెండు దినాలు నా కూరలో ఉప్పు వేయలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. నిన్న నేను వేపచెట్టు కింద కూచోనుండా. బయమ్మ అరుగు మీద ఫోను చెవికి పెట్టుకొని పాటలు వింటాంది. ఇంతకు ముందు నాకు ఆడ ఒక చీర కనపడేది, అంతే. నిన్న మూతి కనపడింది. సారా, పాటలు వినే మనిషి మూతి కదులుతాదా? కదలడమే కాదు, నా దిక్కు చూసి, నవ్వి, మళ్లీ కదిలింది. చెవిటోడికి మూతి చదివేది ఎవరూ నేర్పించే పని లేదు. "మళ్లీ బెల్లం తిన్న్యాడు సారమ్మా" అనింది. సారమ్మా! అచ్చంగా ఆ మాటే.

పైవాడు చూపించినాడంట! మోకరించిన వాళ్లకు తెలుస్తాదంట! నా పెండ్లామే నా పక్కనే కూచొని, నా మొగం ముందరే, నన్ను రోజూ కొత్తచెరువుకు పోస్టు చేస్తాండాది. నేను బెల్లం డబ్బా ముందర నిలబడి ఆకాశం దిక్కు చూసి భయపడిన దినాలన్నీ ఎవరు తిరిగిస్తారు?

మోసం జరిగినాక ఒప్పందం ఉండదు. నీ మొక్కు చెల్లదు. కోత పండుగకు నేను రాను. నా బదులు నా ఎర్ర పుంజును పంపిస్తా. ఊర్లో దాని అంత గొంతు దేనికీ లేదు. చర్చిలో నిలబెట్టు. కృతజ్ఞత అదే కూస్తాది.

నల్లప్ప


కొత్తచెరువు
అక్టోబరు

ప్రియమైన అన్నకు సారా వందనాలు.

నీ చిన్న అక్షరాలు చూసి ముందు ఏడ్చాను. తర్వాత చదివి నవ్వాను. తర్వాత వదినకు ఫోను చేశాను. ఆమె ఇప్పుడు నీకు వీపు తిప్పి మాట్లాడుతోంది, గమనించే ఉంటావు.

మోసమని ఒప్పుకోను. నిన్ను ఎప్పుడూ ఒక కంట కనిపెట్టి చూసే మనిషిని దేవుడు నీ ఇంట్లోనే పెట్టాడు. ఆయన నీ చొక్కా ముచ్చట చెప్పడానికి ఉరుముల్లో మాట్లాడాలా? ఉన్న మనిషితోనే చెప్పించాడు. మొక్కు చెల్లుతుంది.

కానీ ఈసారి ఒకటి నవ్వకుండా రాస్తాను.

నాయనకు కూడా ముందు ఎడమ కన్నే పోయింది. నువ్వు అప్పటికే మేకలు తోలుకుని కొండకు పోయేవాడివి, పొద్దు గూకితే గానీ వచ్చేవాడివి కాదు. పగలంతా నాయన చేయి పట్టుకుని తిప్పింది నేను. ఎక్కడ రాయి ఉందో, ఎక్కడ గుంత ఉందో చెప్పుకుంటూ. తర్వాత చదువుకోవడానికి హాస్టలుకు పోయాను. సెలవులకు వచ్చినప్పుడు నాయన నా మొహమంతా తడిమి, "సారా ఇంత పెద్దదైందా, చెప్పనే లేదే ఎవరూ" అన్నాడు. అప్పట్లో బస్సులూ లేవు, క్యాంపులూ లేవు. నేను చిన్నదాన్ని, నాయన కళ్ల కోసం ప్రార్థించాలని కూడా నాకు తెలియలేదు. అలా ఉండడమే ఆయన అలవాటనుకున్నాను.

నీ కన్ను సంగతి నీ జాబులో చదివిన రోజు నాకు అన్నం పొయ్యి మీదే మాడిపోయింది. అందుకే చీటీ వేశాను. ఊరంతా తెలిస్తే నీకు సిగ్గని తెలిసే వేశాను. నీ సిగ్గు కంటే నీ కన్ను నాకు ఎక్కువైంది.

పుంజును పంపించు, మంచిదే. కోత పండుగకు ఎవరి పంట వారు తెస్తారు. గుమ్మడికాయలు, కందులు, చీనీకాయలు, కోళ్లు అన్నీ ముందర పెట్టి ప్రార్థించి, చివరకు వేలం వేసి ఆ సొమ్ము బీదల కోసం వాడతారు. దాని సంగతి నేను చూసుకుంటాను. నువ్వు రాకపోతే రాకు. ఎవరైనా అడిగితే, ఆయనకు చూపు వచ్చింది, దారి కనపడలేదు అని చెబుతాను.

నీ చెల్లెలు
సారా


యాడికి
కార్డు ముక్క

వస్తా. కోడిని బస్సులో ఒంటరిగా పంపిస్తే పొడుచుకుంటాది, అందుకు వస్తా. మాట్లాడను. నన్ను ముందర కూచోబెట్టొద్దు.

నల్లప్ప


కొత్తచెరువు
నవంబరు

ప్రియమైన అన్నకు సారా వందనాలు.

నువ్వు బస్సెక్కి పోయి ఇంకా వారం కాలేదు. చర్చిలో నవ్వు ఇంకా ఆగలేదు. ఏం జరిగిందో నీకు పూర్తిగా తెలిసిందని నాకు నమ్మకం లేదు. నీకు వినపడదు కదా. అందుకే రాస్తున్నాను. కోపం తెచ్చుకోకు. తెచ్చుకున్నా చదవడం ఆపకు.

ముందు సాక్ష్యాలు అయ్యాయి. చెప్పాలనుకున్న వాళ్లు చేయి ఎత్తి, ముందుకు పోయి చెప్పారు. నేను నిన్ను మోచేత్తో పొడిచాను. నువ్వు నన్ను తిరిగి పొడిచి, వెనక బెంచీలో పుంజును తొడ మీద పెట్టుకుని గోడ చూస్తూ కూర్చున్నావు. సరే, రాడు, పుంజే దిక్కు అనుకున్నాను. సాక్ష్యాలు ముగిశాయి. పుంజును తీసుకుపోయి ముందర పెట్టారు. విజయభాస్కర్ సారు, మా చర్చి కోశాధికారి, వేలం మొదలుపెట్టాడు. గుమ్మడికాయలు పోయాయి, కందులు పోయాయి. తర్వాత నీ పుంజు. మా అంజలి, చీనీ తోటల వాళ్ల కోడలు, ఆ పుంజు మీద మనసు పడి చేయి ఎత్తింది. ఇంకో ఇద్దరు ఎత్తారు.

అప్పుడు నువ్వు లేచావు.

లేచి, కుడి చేయి ఆకాశానికి ఎత్తి, కళ్లు మూసుకున్నావు. ఇక దించలేదు. విజయభాస్కర్ సారు ధర పెంచాడు. ఇద్దరు తగ్గారు. నీ చేయి అలాగే ఉంది. అంజలి పట్టుదల మనిషి, పెంచింది. నీ చేయి అలాగే ఉంది. ధర మేకపిల్ల దాకా పోయింది. అంజలి మొగుడు ఆమె కొంగు లాగాడు. నేను నీ చొక్కా లాగాను. నువ్వు ఉన్నట్టుండి గట్టిగా, చర్చి గోడలు అదిరేలా మాట్లాడావు. చెవిటి వాళ్ల గొంతు ఎంత పెద్దదో నీకు తెలియదు. ఏమన్నావో నీకు గుర్తుందో లేదో, నేను రాసి పెట్టుకున్నాను:

"దేవా, నేను నిన్ను ఏమీ అడగలేదు. నా చెల్లెలు అడిగింది. అయినా ఇచ్చినావు. సరే."

అంతే. "సరే" అని చేయి దించావు. విజయభాస్కర్ సారు అప్పటికే బల్ల మీద సుత్తి కొట్టేశాడు. నీ పుంజును నువ్వే, ఈ చర్చి పుట్టినప్పటి నుంచి ఏ కోడికీ పలకని ధరకు కొన్నావు. అందరూ చప్పట్లు కొట్టారు. సంచి చాపితే కానుక అనుకుని జేబు బోర్లించావు. మిగతాది నేను వేశాను, ఆ సంగతి ఎత్తకు. ఆ తర్వాత పుంజును తెచ్చి నీ చేతుల్లో పెడితే అయ్యగారితో జగడం పెట్టుకున్నావు. "ఇచ్చిన కానుక తిరిగిస్తారా? నా కోడికి ఏం తక్కువైంది? కాలు విరిగిందా, కన్ను పోయిందా?" అని. పాపం అయ్యగారు.

మొక్కు తీరింది. చిన్నప్పటి నుంచి నీ నోట "సరే" అన్న మాట నేను వినడం అదే మొదలు. నాకు చాలు.

సారా


యాడికి
డిసెంబరు

ప్రియమైన చెల్లెలు సారమ్మకు అన్న నల్లప్ప వందనాలు.

రాసినా, చూసుకో. కోపం తగ్గింది.

నీ జాబు ఎండలో పట్టుకోకుండా, భూతద్దం లేకుండా, వేపచెట్టు నీడలో కూచొని ఒక్క తూరికే చదివినా. చదివి నవ్వుకున్న్యా. నాకు తెలియదనుకుంటివా? తాడిపత్రి సంతలో తువ్వాలు కింద వేళ్లు పట్టుకొని ఎద్దుల బేరం చేసినోణ్ణి. సుత్తి పట్టుకొని బల్ల ముందర నిలబడినోడు ఏం చేస్తాండాడో నాకు వినపడాల్నా? కొత్త కన్ను ఇచ్చినారు గదా, కండ్లు మూసుకోక ముందే దాంతో చూసినా.

సాక్ష్యాలప్పుడు లేద్దామనే అనుకున్న్యా. కానీ ముందర నిలబడినోడి మొగం అందరూ కండ్లార్పకుండా చూస్తాండారు. నాకు వద్దనిపించింది. వేలమప్పుడైతే అందరూ కోడిని చూస్తాండారు. ఆ సందులో చేయి ఎత్తినా. నా చేయి పైవాని కోసరం లేసింది. విజయభాస్కర్ దాన్ని కోడికి కట్టుకున్న్యాడు. అది ఆయన ఇష్టం. కండ్లు మూసుకునింది భక్తికి కాదు. నీళ్లు వచ్చినాయి. ఆపరేషన్ చేసిన కంటికి అట్ల వస్తాయంట. అయ్యగారితో జగడం పెట్టుకునింది కూడా దానికే. జగడం ఆడేటోడి కండ్లు తడిగా ఉండాయా లేదా అని ఎవరూ చూడరు. అయ్యగారికి ఈ మాట చెప్పు. లేకుంటే చెప్పొద్దు.

ధర మాత్రం అంత దాకా పోతాదని అనుకోలేదు. ఆ అంజలి ఎవరో గానీ మంచి మొండిది. బయమ్మ ఇప్పుడు పుంజును పేరు పెట్టి పిలుస్తాంది, ఇంట్లో మనిషికి పెట్టినట్ల మేత పెడతాంది. దాన్ని కోసే మాటే లేదు.

ఆపరేషన్ బల్ల మీద జరిగింది చెప్పనని రాసినా గదా. చెప్తా. దీపం కంట్లో పడింది. దేనికీ భయపడని మనిషికి కూడా ఆడ ఎవరితోనన్నా మాట్లాడాలని ఉంటాది. ఆసియా చేయి ఒకటి దొరికింది గానీ, మాట్లాడితే డాక్టరు కదలొద్దన్న్యాడు. అందుకు లోపలే పైవానితో అన్న్యా. "చూడప్పా, నాకు కండ్లు ఇయ్యమని నేను అడగను. కానీ నా చెల్లెలు నన్ను తిట్టి రాస్తాది. ఆ తిట్లు నేనే చదువుకోవాల. రామప్ప చదవకూడదు. ఆ ఒక్కటి చూసుకో." అడిగినానని అనుకోవద్దు. ఎట్ల ఉంటే బాగుంటాదో చెప్పినా, అంతే. ఆయన చూసుకున్న్యాడు.

ఈ అక్షరాలు కూడా నీవే గదా. హాస్టలు నుంచి సెలవులకు వచ్చినప్పుడు, మేకలు కాస్తాంటే ఇసకలో కట్టెపుల్లతో దిద్దించినావు. నేను తప్పు రాస్తే తల మీద మొట్టేదానివి, నీ కంటే పెద్దోణ్ణని కూడా చూడకుండా. దానికి నీకు ఏమీ చెప్పలేదు ఇంతవరకు. ఇప్పుడు చెప్పినట్ల అనుకో.

ఇంకొక మాట. కుడి కంటికి కూడా చేయించుకోమన్న్యారు, జనవరిలో. మీ అయ్యగారితో చెప్పు, చీటీ చదవమను. ఈసారి గర్విష్ఠి ముసలాయన అని కాదు. యాడికి నల్లప్ప అని పేరు పెట్టి చదవమను. గట్టిగా చదవమను. జిలాన్ ఆ పొద్దు సంతకు వస్తాడంట, విని నాకు చెప్తాడు.

నీ అన్న
నల్లప్ప

మరిచిపోయినా. పోయిన ఆదివారం మా చర్చిలో మనవుల పెట్టెలో నేనొక చీటీ వేసినా. పేరు రాయలేదు. "పక్క చేని గర్విష్ఠి ముసలాయన మోకాళ్ల కోసరం" అని రాసినా. చదివినప్పుడు అందరికీ అర్థమైందంట. నిన్న రామప్ప నా అరుగు మీదికి వచ్చి, నా చెవిలో నోరు పెట్టి, "నా మోకాళ్ల సంగతి ఊరంతా ఎందుకప్పా చాటిస్తావు, రేపే తీసేయించు" అని తిట్టిపోయినాడు. శానా కోపంగా ఉండాడు. కట్టె తీసుకురాలేదు, నడక మాత్రం బాగుండాది.